అరవై ఒకటో చప్పుడు

చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో ఒక పాత ఇల్లు ఉన్నది. కింద ఓనరమ్మ వేదవతి గారు ఉంటరు. మేడ మీద రెండు గదులు కిరాయికి ఇస్తరు. ఆ గదుల్లో నేను నాలుగు నెలలు టీవీ చూసే పని చేసిన.

వింటే నవ్వొస్తది గని, నిజంగనే అది పని. పొద్దున పదింటికి పోయి, దీవాన్ మీద కూర్చొని, ఒకటే వీడియో రోజుకు ఇరవై సార్లు చూడాలె. చూసి నోటుబుక్కులో గుర్తులు పెట్టాలె.

ఆ పని ఇప్పించింది గోవర్ధన్. అంతకుముందు నేను అశోక్‌నగర్‌లో ఒక మగపిల్లల హాస్టల్‌లో వంటకు సాయం చేసేదాన్ని. సర్కారు కొలువులకు చదివే పిల్లలు అక్కడ ఉండేటోళ్ళు. గోవర్ధన్ నాలుగేండ్లు చదివిండు. కొలువు రాలే. అంతమందిలో తిన్న పళ్ళెం కడిగి బోర్లించి పోయేటోడు ఆ ఒక్కడే. నాకు నలుగురిలో మాట పెగలదు. ఎవరన్న గట్టిగ అడిగితే కొంగు నోట్లో పెట్టుకొని నిలబడత. అట్లాంటిదాన్ని వాడు "అక్కా" అని పిలిచి మాట్లాడిపించేటోడు. తర్వాత చదువు ఇడిసిపెట్టి కంప్యూటర్ పని నేర్చుకున్నడు. అనూహ్య అనే అమ్మాయితో కలిసి సొంతంగ ఏదో మొదలుపెట్టిండు.

ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో కనబడ్డడు.

"అక్కా, ఊకె కూసొని టీవీ చూసే పనుంది. చేస్తవా?"

"నాకేం వస్తది తమ్మీ? చదివింది అయిదో తరగతి."

"గందుకే నువ్వు కావాలె. మేం చేసినదాంట్ల తప్పు మాకు కనబడదు. తెల్వనోళ్ళకే కనబడ్తది."

అట్ల పోయిన. అనూహ్యది కాచిగూడ. అమ్మానాన్నతో ఉంటది, స్కూటీ మీద వస్తది. మొదటిరోజే నేను కింద కూర్చోబోతే నా రెక్క పట్టి లేపింది.

"దీవాన్ మీద కూసో అక్కా. కింద కూసుంటే మెడ నొస్తది."

"సరే మేడమ్."

"మేడమ్ అంటే నాకు మా లెక్కల టీచర్ గుర్తొస్తది. ఇంకోసారి అంటే నీ చాయ్‌ల చక్కెర ఎయ్య."

పేరు పెట్టి పిలవనీకి నాకు నోరు రాలే. అమ్మా అని పిలిచేదాన్ని.

వాళ్ళ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ ఉండె. పేకముక్కల కట్టంత ఉంటది. పైన మూత కూడ లేదు, ఆకుపచ్చ పలక మీద నల్లటి ముక్కలు అతికించినట్టు ఉంటది. దాన్ని టీవీకి తగిలిస్తే వీడియో ఆడాలె. ఆడించే ప్లేయర్‌ను వీళ్ళిద్దరు కొత్తగ తయారు చేస్తున్నరు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు అమ్ముతరట. క్లాసుకొక టీవీ, టీవీకొక చిన్న కంప్యూటర్. పాఠం చెప్పే సారు పెదవి ఒకదిక్కు, మాట ఒకదిక్కు పోతే పిల్లలు నవ్వుతరు. గందుకే రెండు కలవాలె.

దానికోసం ఒక వీడియో తీసిన్రు. ఆ గది కిరాయికి తీసుకున్న మొదటిరోజు, అదే గదిలో. గోవర్ధన్ నిలబడి ఉంటడు. వెనక గడియారం, కిటికీ, మూలకు వేదవతి గారి పాత రోలు, దానికి ఆనించిన రోకలి. బరువుకు కిందికి దింపలేక ఆమె అక్కడనే ఇడిసిపెట్టిన్రు. పది సెకన్లకొకసారి గోవర్ధన్ చప్పట్లు కొడతడు. పది నిమిషాల వీడియో. అరవై చప్పట్లు.

చేతులు కలిసినప్పుడే చప్పుడు వస్తే టిక్కు పెట్టాలె. చప్పుడు ముందో వెనకో వస్తే ఇంటు గుర్తు. చప్పుడు వచ్చి బొమ్మ రాకపోతే సున్న. అంతే నా పని. నెల తిరిగేసరికి ఆ వీడియో నాకు కండ్లు మూసుకున్న కనబడేది. మూడో చప్పట్ల కాడ కిటికీ మీద పావురం వాలుతది. పందొమ్మిదో చప్పట్ల కాడ గోవర్ధన్‌కు తుమ్ము వస్తది, ఆపుకుంటడు.

మొదట్లో అన్నీ ఇంటు గుర్తులే. చప్పుడు ముందొచ్చేది, చేతులు తర్వాత కలిసేవి.

"ఎందుకట్ల తమ్మీ?"

"చప్పుడు తేలిక అక్కా. ఉరుక్కుంట ముందొస్తది. బొమ్మ బరువు, ఎనక పడతది. గని వస్తది. చప్పుడు వచ్చినంక బొమ్మ రాకుండ ఉండదు."

ఆ మాట నేను మర్చిపోలే.

రోజుకొక కొత్త ప్లేయర్ చేసి ఆ చిన్నదాంట్లో ఎక్కించేటోళ్ళు. నేను మళ్ళ మొదటినుంచి చూసేదాన్ని. ఇంటు గుర్తులు తగ్గుకుంట వచ్చినయ్. ఆషాఢం మొదట్లో ఒకరోజు వీడియో చూసి నోటుబుక్కు ఇచ్చిన.

గోవర్ధన్ నవ్విండు. "అరవై ఒకటి రాసినవేంది అక్కా? నేను కొట్టింది అరవయ్యే."

నాకు సిగ్గయింది. గని తప్పు లెక్క పెట్టలే. అనూహ్య మళ్ళ ఆడించి, చెవి పెట్టి విన్నది.

"ఉంది రా. ఆఖరికి ఇంకోటి ఉంది."

అరవై అయినంక గోవర్ధన్ చేతులు దించి "అయిపోయిందా?" అంటడు. అక్కడితో వీడియో ఆగిపోవాలె. ఇప్పుడు ఆగలే. తెర నల్లగ అయి, ఇంకో నాలుగు సెకన్లు ఆడింది. ఆ నలుపులో ఒక చప్పుడు. వాళ్ళ పెద్ద కంప్యూటర్లో అదే వీడియో పెట్టి చూసిన్రు. అందులో లేదు. చిన్నదాంట్లోనే ఉంది.

"ప్లేయర్ల ఏదో తప్పుంది. దొరకబడత," అన్నడు గోవర్ధన్.

అది చప్పట్ల చప్పుడు గాదు. తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఉంటది. చివర కొంచెం మెత్తగ.

తప్పు దొరకబట్టి ప్లేయర్ మార్చినకొద్ది ఆ నలుపు పెరిగింది. మర్నాడు అరవై నాలుగు చప్పుళ్ళు. వారానికి డెబ్బై రెండు. పన్నెండు ఎక్కువ. నలుపు రెండు నిమిషాలయింది. మొదట ఏం ఉండదు. తర్వాత ఎవరో రొప్పుతున్నట్టు... నేల మీద మడమలు కొట్టుకుంటున్నట్టు... తర్వాత ఆ పన్నెండు. ఒకదాని మీద ఒకటి.

ఒకరోజు వేదవతి గారు మెట్ల కాడ నన్ను ఆపిన్రు.

"ఏం బీరమ్మా, పైన కారం దంచుతున్నరా? నా గచ్చు పగులగొట్టకున్రి."

ఆరోజు గోవర్ధన్ ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకొని వింటున్నడు. గదిలో చప్పుడే లేదు. ఆ ముచ్చట ఆమెకు చెప్పలేకపోయిన. "సరేనమ్మా" అని తల దించుకొని పైకి పోయిన.

ఆ చప్పుడు దేనిదో తెలుసుకోవాలని గోవర్ధన్‌కు పట్టుకున్నది. గోడను కొట్టి చూసిండు. బియ్యం సంచి కొట్టి చూసిండు. తర్వాత మార్కెట్‌నుంచి గుమ్మడికాయ తెచ్చి, గచ్చు మీద పెట్టి, మూలకున్న రోకలితో కొట్టిండు. కాయ పగిలి గింజలు గోడ మీద పడ్డయ్.

"రోకలి చప్పుడే అక్కా," అన్నడు. చెంప మీద గుజ్జు ఉంది, తుడుచుకోలే. "రోకలిదే. కొట్టింది మాత్రం గుమ్మడికాయను గాదు."

అనూహ్య చీపురు వాడి చేతిలో పెట్టింది. "ఊడువు. సైంటిస్టువు అయినవ్ గని."

మర్నాడు మధ్యాహ్నం బొమ్మ వచ్చింది.

వాళ్ళిద్దరు నా పక్కనే ఉన్నరు. వాళ్ళు ఎన్నడు బొమ్మ చూడరు. పక్క కంప్యూటర్లో పరుగెత్తే అంకెలను చూస్తరు. బొమ్మ చూసేది నేనొక్కదాన్నే. నల్లటి తెర ఒక్కసారి తెరుచుకున్నది. ఇదే గది. ఇదే గచ్చు. అనూహ్య పక్కకు పడి ఉన్నది. ఆకుపచ్చ కుర్తా. కండ్లు తెరిచే ఉన్నయ్. ఆమె ముందర రోకలి పైకి లేచింది... కిందికి వచ్చింది. పట్టుకున్న చెయ్యి కనబడ్డది. మణికట్టు మీద పచ్చబొట్టు తేలు. తోక కాడ మూడు చుక్కలు.

నా పదకొండో ఏట జాతరలో పొడిపించుకున్న తేలు అది.

తెర మళ్ళ నల్లగ అయింది.

"బొమ్మ వచ్చిందా అక్కా?" అంకెల మీదనుంచి కండ్లు తియ్యకుండ అడిగిండు గోవర్ధన్.

ఏం చెప్పాలె? నా మెడ నొస్తదని రెక్క పట్టి దీవాన్ మీద కూసోబెట్టిన పిల్లకు, నిన్ను నేను చంపుతున్నట్టు చూసినని ఎట్ల చెప్పాలె?

"రాలే," అన్న. నోటుబుక్కులో పన్నెండు సున్నలు పెట్టిన.

సాయంత్రం వాళ్ళు చాయ్‌కి పోయినప్పుడు రోకలిని దొర్లించి దీవాన్ కిందికి, గోడ మూలకు నూకిన. కండ్ల ముందర లేకుంటే చాలనుకున్న. మర్నాటినుంచి పని మానేద్దామనుకున్న. గని మానేస్తున్నని చెప్పనీకి కూడ ఒక నోరు కావాలె గద.

ఆ తర్వాత ఎనిమిది రోజులు బొమ్మ వస్తనే ఉండె. నేను సున్నలు పెడుతనే ఉన్న. ఒక్క టిక్కు పెట్టి ఉంటే గోవర్ధన్ బతికి ఉండేటోడు. అది నాకు ఇప్పుడు తెలుసు.

వాడు తిండి మానేసిండు. ఇంటికి పోవుడు మానేసిండు. గడ్డం పెరిగింది, ఒంటినుంచి కాలిన వైరు వాసన వచ్చేది. కూర్చున్నచోటనే పది సెకన్లకొకసారి చేతులు కలిపేటోడు. టప్. మాట్లాడుకుంట మధ్యలో... టప్. కొడుతున్నట్టు వాడికి తెలియదు.

"ఆ ముక్క కోసి పారేద్దాం రా," అన్నది అనూహ్య. "ఎల్లుండి కోచింగ్ వాళ్ళకు చూపియ్యాలె. పది నిమిషాలు మంచిగ ఆడుతున్నది, చాలు."

"చప్పుడుంది. బొమ్మ లేదు." టప్. "గట్ల ఎట్ల ఇడిసిపెడతవ్?"

"నీకు నిద్ర లేక మతి పోతున్నది. నేనే కోస్త."

వాడు ఆమె దిక్కు చూసిండు. చానాసేపు చూసిండు. ఆమె మొహం గాదు. తల.

గురువారం. పొద్దటినుంచి వాన. మూడింటికే గదిలో లైటు వేసుకున్నం. వేదవతి గారు అంబర్‌పేట్‌లో చెల్లెలింటికి పోయిన్రు. కింద తాళం. అనూహ్య మెట్లెక్కి లోపలికి వచ్చింది.

ఆకుపచ్చ కుర్తా. చేతి కింద కొట్టు చీటీ ఇంకా ఏలాడుతున్నది.

"మొత్తం తడిసిన అక్కా. నారాయణగూడల కొని అక్కడనే మార్చుకున్న. బాగుందా?"

"అమ్మా... ఇయ్యాల ఇంటికి పో."

"ఏమైంది?"

"పో అమ్మా. నీ కాళ్ళు మొక్కుత."

అంత పెద్ద మాట నా నోటినుంచి ఎన్నడు రాలే. ఆమె దగ్గరికొచ్చి నా నుదురు ముట్టి చూసింది. "జ్వరమొచ్చిందా ఏంది? పది నిమిషాలు ఆగు. నేనే నిన్ను దింపుత."

వెనక గొళ్ళెం చప్పుడైంది. గోవర్ధన్ తలుపు పెట్టిండు.

వీడియో నడిపిండు. తెర మీది గోవర్ధన్ చప్పట్లు కొట్టిండు. గదిలోని గోవర్ధన్ కూడ కొట్టిండు. రెండు చప్పుళ్ళు ఒకటే చప్పుడుగ... ముందు గాదు, వెనక గాదు. పావురం వాలింది. తుమ్ము ఆగింది. నేను లేవాలె. లేచి ఆమెను నూకుకొని బయటికి పోవాలె. లెక్క పెట్టుకుంట అట్లనే కూర్చున్న. అరవై అయినయ్.

"అయిపోయిందా?" అన్నడు తెర మీదోడు.

నలుపు.

గోవర్ధన్ మూలకు పోయిండు. రోలు చుట్టు చూసిండు.

"రోకలి ఏది?"

"రోకలెందుకు రా? పచ్చడి నూరుతవా?" అనూహ్య నవ్వింది. ఆమె చూపు నోటుబుక్కు మీద ఉంది.

వాడు చిన్న కంప్యూటర్‌కు పక్కనున్న పొడుగు వైరు తీసుకున్నడు. వెనకనుంచి వచ్చి ఆమె మెడకు చుట్టిండు. అంతే. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. కుర్చీ పడ్డది. ఆమె పడ్డది. వాడు ఆమె వీపు మీద మోకాలు పెట్టి వైరు గుంజిండు. మడమలు గచ్చుకు కొట్టుకున్నయ్. టీవీలో కూడ కొట్టుకున్నయ్. టీవీలో రొప్పుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది.

"ఇడువు తమ్మీ... ఇడువు..."

"ఊకో అక్కా." వాడి గొంతు మెల్లగ ఉంది. హాస్టల్‌లో ఇంకో చపాతి అడిగిన గొంతే. "చప్పుడు వచ్చింది. బొమ్మ కలపాలె."

జుట్టు పట్టి ఆమె తల ఎత్తి గచ్చుకేసి కొట్టిండు. రక్తం వచ్చింది. వాడు చెవి పెట్టి విన్నడు. తల అడ్డంగ ఊపిండు.

"గిట్ల గాదు. రోకలే కావాలె."

అంగీ పట్టి గుంజిన. మోచేత్తో నా మూతి మీద గుద్దిండు. పన్ను ఊడింది. దీవాన్ పక్కకు పడ్డ. లేద్దామని చెయ్యి చాపితే దీవాన్ కిందికి పోయింది. చేతికి నున్నటి కట్టె తగిలింది.

అనూహ్య నాలుక బయటికొచ్చింది. కండ్లు నన్నే చూస్తున్నయ్.

ఎత్తిన. కొట్టిన. మొదటిది భుజం మీద, మెడ మొదట్లో పడ్డది. వాడు ఇడువలే. అదే క్షణం టీవీలో చప్పుడు. రెండోది చెవి మీద. టీవీలో చప్పుడు. మూడోది... ఎముక లోపలికి పోయింది. నా దెబ్బ తగిలినప్పుడే చప్పుడు. నా మెదడులో ఎక్కడనో టిక్కు పడుతున్నది. టిక్కు. టిక్కు. వాడి చేతులు వైరు ఇడిసినయ్. అయినా నా చెయ్యి ఆగలే. ఏడు. ఎనిమిది. మొహం మీద ఏదో వెచ్చగ పడ్డది. తొమ్మిది. వాడు "అక్కా" అన్నట్టు పెదవులు కదిలినయ్, మాట రాలే. పది.

పదకొండు.

కరెంటు పోయింది. టీవీ ఆగింది. రోకలి గాల్లోనే ఉంది.

వాన చప్పుడు తప్ప ఏం లేదు. రోకలి మెల్లగ కింద పెట్టిన.

కిటికీ వెలుతురులో నా చెయ్యి చూసుకున్న. తేలు కనబడలే. ఎర్రగ ఉండె.

తర్వాత సంగతులు పోలీసులు, దవాఖాన, కోర్టు. అనూహ్య వాంగ్మూలం ఇచ్చింది. నేను కొట్టకుంటే తను చచ్చిపోయేదని కాయితం మీద రాసి ఇచ్చింది, అప్పుడు గొంతు లేదు. రెండు నెలలకు నాకు బెయిల్ వచ్చింది. కేసు నడుస్తున్నది. చిన్న కంప్యూటర్‌ను, వీడియోను, రోకలిని పోలీసులు సీలు వేసి తీసుకపోయిన్రు.

గోవర్ధన్ కడిగి బోర్లించిన పళ్ళెం నాకు ఇప్పటికీ కండ్ల ముందర మెదులుతది.

పోయిన ఆదివారం కాచిగూడ పోయిన. అనూహ్య రమ్మని కబురు చేసింది. వాళ్ళమ్మ జయశ్రీ గారు చాయ్ ఇచ్చి వంటింట్లోకి పోయిన్రు. అనూహ్య మెడ చుట్టు నల్లటి గీత ఇంకా పోలే. ఇప్పుడు గుసగుసగ మాట్లాడుతది, అంతకంటే గొంతు లేవదు.

"అక్కా, నువ్వు నోటుబుక్కుల ఎన్ని రాసినవ్?"

"డెబ్బై రెండు."

"అరవై తీసేస్తే?"

"పన్నెండు."

"గోవర్ధన్ పోస్టుమార్టం కాయితంల పదకొండు దెబ్బలని ఉన్నదంట."

ఆమె తల తిప్పుకున్నది. కిటికీ బయటికి చూస్తున్నది. పగటి ఎండ. కింద ఆటోలు పోతున్నయ్.

ఆమె చేతులు ఒళ్ళోనుంచి లేచినయ్. రెండు అరచేతులు కలిసినయ్. చప్పుడు రాలే. మళ్ళ ఒళ్ళోకి పోయినయ్.

చాయ్ వేడికి అట్ల చేసిందనుకున్న. కొంచెంసేపటికి మళ్ళ లేచినయ్. కలిసినయ్. అరచెయ్యికి అరచెయ్యి గట్టిగ తగిలింది, నేను చూసిన. చప్పుడు లేదు.

లెక్క పెట్టొద్దనుకున్న. నాలుగు నెలల అలవాటు... దానంతట అదే లెక్క పెట్టింది.

"అమ్మా," అన్న.

"ఏందక్కా?" నా దిక్కు తిరిగింది. తిరుగుతుంటే చేతులు కలిసినయ్. ఆమెకు తెలియదు. పందొమ్మిదో దాని కాడ ముక్కు ఎగబీల్చింది, తుమ్ము ఆపుకున్నది.

యాభై తొమ్మిది. అరవై.

చేతులు ఒళ్ళో పడి ఆగినయ్. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న. పది సెకన్లు. ఇరవై.

చప్పుడైంది.

తడిగ. చివర మెత్తగ. ఒక్కటే. గదిలోనే, మా ఇద్దరి మధ్యనుంచి.

అనూహ్య చేతులు ఒళ్ళోనే ఉన్నయ్. నా చేతులు చాయ్ గిలాస మీద ఉన్నయ్. వంటింట్లో వాళ్ళమ్మ చప్పుడు ఆగిపోయింది.

అనూహ్య మొహం తెల్లగ పాలిపోయింది. నా మణికట్టు దిక్కు చూసింది.

"ఇనబడ్డదా అక్కా?"

"లేదమ్మా," అన్న.